కండరాల అదురు - స్టిరాయిడ్ మందులు

కన్ను అదిరితే కుడియా, ఎడమా అని చూసుకోవడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. ఆ శకునం సంగతి పెద్దలకే విడిచిపెడుతున్నాను. నరాల వైద్యుడినైన నన్ను రోగులు అడిగే ప్రశ్న వేరు. "కీళ్లవాతానికి స్టిరాయిడ్ మాత్రలు వాడుతున్నాను. నెల రోజులుగా పిక్కలలో, భుజాలలో కండ అదురుతున్నది. ఇది మందు వల్లనా? లేక నా రోగనిరోధక వ్యవస్థ నరాలను కూడా దెబ్బతీస్తున్నదా?" అంటారు. కొందరు అడగడానికి ముందే మాత్రలు మానివేసి వస్తారు. ఈ వ్యాసం ముఖ్యంగా వారి కోసమే.

వెన్నుపాము నుండి వచ్చే ఒక్కొక్క నరపు తంతువు అధీనంలో అనేక కండరపు పోగులు ఉంటాయి. ఆ తంతువు మన సంకల్పం లేకుండా తనంత తానే ఒక్కసారి రేగితే ఆ పోగులన్నీ కలిసి ముడుచుకుంటాయి. చర్మం కింద పురుగు కదలినట్లు అనిపిస్తుంది. దీనినే ఫాసిక్యులేషన్ అంటారు. నిద్ర చాలకపోయినా, కాఫీ ఎక్కువైనా, మెట్లదారిన కొండ ఎక్కి అలసిపోయినా, మనస్సులో ఆందోళన ఉన్నా ఆరోగ్యవంతులకు సైతం ఇది కలుగుతుంది. బలం తగ్గకుండా, కండ కరగకుండా, పరీక్షలో మరే లోపం కనిపించకుండా అదురు మాత్రమే ఉంటే అది నిరపాయమైనది. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఇటువంటి 121 మందిని 2 నుండి 32 సంవత్సరాల పాటు గమనించి 1993లో ఫలితాలు ప్రకటించారు. వారిలో ఒక్కరికి కూడా మోటార్ న్యూరాన్ వ్యాధి రాలేదు.

కీళ్లవాతానికి తొలిసారిగా 1948లో కార్టిసోన్ ఇచ్చినది కూడా ఆ మేయో క్లినిక్‌లోనే. ఆ కృషికి ఫిలిప్ హెంచ్, మరి ఇద్దరు శాస్త్రజ్ఞులు 1950లో నోబెల్ బహుమతి అందుకున్నారు. స్టిరాయిడ్లు అదురును నేరుగా కలిగిస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. అయితే పరోక్షంగా దోహదం చేయగలవు. అవి నిద్రను చెడగొడతాయి, మనస్సును నిలకడ లేకుండా చేస్తాయి. మూత్రం ద్వారా పొటాషియం ఎక్కువగా పోయేటట్లు చేస్తాయి. నీరు దిగే మాత్రలు కూడా వాడేవారికి ఈ నష్టం అధికం. ఉబ్బసం రోగులు పీల్చే సాల్బుటమాల్ వల్ల చేతులు వణికితే, ఆ నింద కూడా చాలాసార్లు స్టిరాయిడ్ మీదనే పడుతుంది!

కండరానికి స్టిరాయిడ్ చేసే అసలు హాని వేరు. దీర్ఘకాలం ఎక్కువ మోతాదులో వాడితే తొడలు, తుంటి కండరాలు నొప్పి లేకుండానే బలహీనపడతాయి. సాధారణంగా అవి అదరవు. భజనలో నేల మీద కూర్చున్నవారు మోకాళ్లపై చేతులు ఊనితే తప్ప లేవలేకపోతున్నారంటే, వైద్యునికి ముందుగా చెప్పవలసినది ఆ సంగతి.

ఇక రోగనిరోధక శక్తి మాట. అది తక్కువ కావడం వేరు, దారి తప్పి సొంత శరీరం మీదనే తిరగబడడం వేరు. కీళ్లవాతం రెండవ కోవకు చెందినది. అందువలన "శక్తి పెంచే" చూర్ణాలు దానికి మందు కావు. పైగా కీళ్లనొప్పులకని పేరు లేకుండా అమ్మే కొన్ని చూర్ణాలలోనే స్టిరాయిడ్ కలిసి ఉన్నట్లు పరీక్షలలో బయటపడింది. దారి తప్పిన నిరోధక వ్యవస్థ అదురు కలిగించే వ్యాధులు లేకపోలేదు. 1961లో ఐజాక్స్ అనే వైద్యుడు వర్ణించిన వ్యాధిలో కండరాలు నిద్రలో కూడా విశ్రమించవు; బిగుసుకుపోతాయి, చెమట ఎక్కువగా పడుతుంది. ఇది చాలా అరుదు. దాని చికిత్సలో వాడే మందులలో స్టిరాయిడ్ కూడా ఒకటి! దానికంటే తరచుగా కనిపించేది థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ వ్యాధి. సామాన్యమైన రక్తపరీక్షతో థైరాయిడ్ సంగతి తెలుస్తుంది.

అదురుకు భయపడి స్టిరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపడం మాత్రం అసలైన ప్రమాదం. సుమారు 3 వారాలకు మించి వాడినప్పుడు మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకుంటాయి. మాత్ర హఠాత్తుగా ఆగితే అవి వెంటనే మేలుకోలేవు. తీవ్రమైన నీరసం, వాంతులు, రక్తపోటు పడిపోవడం, స్పృహ తప్పడం, ఒక్కొక్కసారి ప్రాణాపాయం కూడా కలుగుతాయి. కనుక మోతాదును వైద్యుని సలహాతో క్రమంగానే తగ్గించుకోవాలి. యాత్రకు బయలుదేరేవారు మాత్రలను లగేజీలో కాక చేతిసంచిలో, రెండు మూడు రోజులకు అదనంగా ఉంచుకోవాలి. ఉపవాస దినమైనా మాత్ర మానరాదు; ఎలా వేసుకోవాలో ముందే అడిగి తెలుసుకోవాలి. దారిలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆసుపత్రికి వెళ్లి, స్టిరాయిడ్ వాడుతున్నామని మొదటి మాటగా చెప్పాలి. పొటాషియం కోసం కొబ్బరినీళ్లు మంచివే కాని మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి అవే కీడు చేయవచ్చు.

కాలి చెప్పు తెలియకుండా జారిపోవడం, చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, మాట ముద్దగా రావడం, నీళ్లు తాగితే పొలమారడం, ఒకవైపు కండ సన్నబడడం - అదురుతో పాటు వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయక నరాల వైద్యుని కలవండి. వెళ్లేటప్పుడు మీరు వాడే మాత్రలన్నిటినీ, చూర్ణాలతో సహా, వెంట తీసుకువెళ్లండి.