ఆ జెల్ కవరు తీసెయ్

చిట్టితల్లికి,

గడువులోగా 200 కిలోమీటర్లు సైకిల్ తొక్కే బ్రెవేకి పేరిచ్చావంటే సంబరపడ్డాను. కానీ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్ మీద అరగంట దాటేసరికి కింద తిమ్మిరెక్కుతోందని, అందుకే సీటుకి జెల్ కవరు తొడిగానని రాశావు చూడు, ఆ మాటే మనసులో మెదులుతోంది. ఆ కవరు తీసెయ్ తల్లీ. మన బరువు మోయాల్సినవి పిరుదుల అడుగున చేతికి గట్టిగా తగిలే రెండు ఎముకలు. ఆడవాళ్లకి వాటి మధ్య దూరం సగటున మగవాళ్లకన్నా ఎక్కువ. సీటు ఇరుకైతే ఎముకలకి ఆధారం దొరక్క బరువంతా నడుమనున్న సున్నితమైన చోట పడుతుంది. మరీ మెత్తనిదైతే ఎముకలు దిగబడి, మధ్యలో జెల్ ఉబికి అక్కడే నొక్కుతుంది. నరాలు, రక్తనాళాలు నలిగితే వచ్చేదే ఆ తిమ్మిరి. కూరగాయల కొట్టు దాకా వెళ్లిరావడానికి మెత్తన హాయే గానీ, 13 గంటల 30 నిమిషాల గడువున్న దారికి పనికిరాదు.

నాలుగు రైడ్లయితే అదే అలవాటవుతుందని మీవాళ్లు అన్నారట. ఎముకల దగ్గర నొప్పి వరకూ అది నిజమే, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. తిమ్మిరికి మాత్రం అలవాటు పడకూడదు. నీ ఒంట్లో లోపమేమో అని బెంగపడకు, బంగారం. 1985లోనే అమెరికాలో జార్జీనా టెర్రీ ఆడవాళ్ల కొలతలకి సైకిళ్లు చేసే కంపెనీ పెట్టింది, తర్వాత నడుమ ఖాళీ ఉన్న సీట్లూ తెచ్చింది. మార్చాల్సింది సీటునే. కొత్త సీటు ఖరీదంటావా, ముందు ఖర్చు లేనివి చూడు. మడమ పెడల్ మీద పెట్టి అడుగుకి తొక్కితే కాలు నిటారుగా రావాలి. అందడానికి నడుము పక్కకి వాలుతోందంటే సీటు ఎత్తు ఎక్కువై ఒరుసుకుంటోందన్నమాట. సీటు ముక్కు పైకి లేచి ఉండకూడదు. హ్యాండిల్ మరీ దూరమైనా ఒళ్లు ముందుకు వాలి బరువు అక్కడే పడుతుంది. అప్పటికీ తగ్గకపోతే గట్టి స్టూలు మీద అట్టపెట్టె ముక్క వేసి, ముందుకు వంగి కూర్చుని లే. రెండు గుంటలు పడతాయి. వాటి నడిమధ్యల దూరం కొలిచి, అంతకన్నా కాస్త వెడల్పున్న సీటు అడుగు.

ప్యాడింగ్ షార్ట్స్ కింద లోదుస్తులు వేసుకోకు, కుట్లు ఒరిసి పుండ్లు పడతాయి. దిగగానే మార్చుకో. వాపు కనిపించినా, మర్నాటికీ స్పర్శ తెలియకపోయినా సిగ్గుపడకుండా లేడీ డాక్టరుకి చూపించు. మీ అమ్మ కంగారు సంగతి నేను చూసుకుంటాను. అట్ట మీద కొలత ఎంతొచ్చిందో రాయి.

మీ పెద్దమ్మ