పాత వైపర్ మోటారు చాలు

ప్రశ్న: కోళ్ల గూటికి స్విచ్ నొక్కితే లేచే తలుపు చేస్తున్నాను. కొత్త గేరు మోటారు ఖరీదు ఎక్కువ. పాతది కొనవచ్చా?

జవాబు: నిస్సందేహంగా కొనవచ్చు. మీ పనికి తగినది కారు వైపర్ మోటారు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత కార్ల విడిభాగాల దుకాణాల్లో అడగండి. వర్మ్ గేరు అందులోనే ఉంటుంది. 12 వోల్టుల మీద నిమిషానికి సుమారు 40 నుంచి 70 చుట్లు తిరుగుతుంది. 4 సెంటీమీటర్ల డ్రమ్ముకు తాడు చుడితే, 50 చుట్ల దగ్గర తలుపు సెకనుకు 10 సెంటీమీటర్లు లేస్తుంది. 5 కిలోల తలుపుకు కావలసింది 5 వాట్లే. రాపిడి కోసం దాన్ని రెట్టింపు చేసినా, వానలో గంటల తరబడి అద్దం తుడిచే మోటారుకు అదొక లెక్క కాదు.

వాడిన సరుకు ఎన్నాళ్లు వస్తుందన్న అనుమానం న్యాయమైనదే. అయితే ఈ మోటార్లలో ముందు అరిగేవి సాధారణంగా కార్బన్ బ్రష్‌లు, అవి మార్చుకోదగినవే. పళ్లు అరిగిన గేరు మాత్రం వద్దు. అందుకే దుకాణంలోనే బ్యాటరీకి కలిపి చూడండి: గరగర శబ్దం వచ్చినా, అమ్మీటరు ముల్లు ఊగిసలాడినా, షాఫ్టు పక్కలకు కదిలినా వదిలేయండి. చాలా వైపర్ మోటార్లకు బాడీయే నెగటివ్. తలుపు దించడానికి వైర్లు తారుమారు చేస్తే బాడీకి పాజిటివ్ వస్తుంది కనుక దాన్ని చెక్క మీద బిగించండి. పైనా కిందా లిమిట్ స్విచ్‌లు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పక పెట్టండి.