అవ్వయైన లోయి

పాఠ్యభాగములు: 2 తిమోతి 1:3-5, 1 తిమోతి 5:3-10, మార్కు 7:9-13.



క్రొత్త నిబంధన మొదట వ్రాయబడిన గ్రీకు భాషలో అవ్వ అని అర్థమిచ్చు మాట ఒక్క చోటనే కనబడుచున్నది. చెరలోనున్న పౌలు తిమోతికి వ్రాయుచు, అతని విశ్వాసము మొదట ఎవరి యొద్ద ఉండెనో తలపోసి, లోయి అను ఆ ముసలమ్మ పేరు చెప్పెను. ఆమెను గూర్చి లేఖనము చెప్పునది అంతే.

అయినను కొంత గ్రహింపవచ్చును. తిమోతి తండ్రి గ్రీసుదేశస్థుడని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములో చదువుచున్నాము. పౌలు లుస్త్రకు వచ్చునప్పటికి కుమారునికి సున్నతియైనను జరిగియుండలేదు. అట్టి యింట పెరిగిన బిడ్డ పసితనము నుండి లేఖనములెరిగినవాడని 2 తిమోతి 3:15 సాక్ష్యమిచ్చుచున్నది. ఎవరు నేర్పిరి? ఇంటిలోని ఆ ఇద్దరు స్త్రీలే గదా.

మన తెలుగు సంఘముల చరిత్రయు ఇట్టిదే. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండమీద ప్రార్థించినవారు అయిదుగురు. జూయెట్ దొరగారి పేరు అందరమెరుగుదుము. ఆ అయిదుగురిలో దొరసానిగారు, జూలియా, రూతు అను ముగ్గురు స్త్రీలుండిరని ఎందరికి జ్ఞాపకమున్నది?

గత వేసవిలో మా నాయనమ్మ ప్రభువునందు నిద్రించెను. మేము ఆమెను అవ్వా అనియే పిలిచెడివారము. తొంబది యేండ్లు దాటినవని మా లెక్క. పుట్టిన తేదీ వ్రాసిపెట్టిన వారు లేరు. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిన 2,222 మందిలో ఆమె తాత ఒకడని మా యింటి మాట. ఆమెకు చదువు రాదు. నాట్లు, కలుపులు, పొగాకు పనులు చేసి నలుగురు బిడ్డలను పెంచెను. మరి ముగ్గురిని మన్నులో పెట్టెను. మూడు పల్లెలలో కాన్పులు చేసెను. ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి ముంతలో వేసి, ఆదివారమున గుడికి తెచ్చెడిది. బియ్యము లేని దినములలో జొన్నలు వేసెడిది. "మనకే చాలవు, ప్రభువుకెక్కడివే?" అని మా తాత కసరిన దినములు కలవట. ఆమె బదులు చెప్పక తన సంకటిలో ఆ మేరకు తగ్గించుకొనెడిదట.

చనిపోయిన వారందరు పత్రికలలో పరిశుద్ధులగుదురు గనుక ఇదియు చెప్పవలెను. మా అవ్వ నాలుక పదునైనది. దొడ్డి దారి విషయమై తోడికోడలితో మూడేండ్లు మాటలు లేవు. ఆ మూడేండ్లు ఆమె ప్రభురాత్రి భోజనపు బల్ల యొద్దకు పోలేదు. పాస్టరుగారు ఎంత బ్రతిమాలినను, "పగ పెట్టుకొని ఆ రొట్టె ఎట్లా తింటానయ్యా?" అనెడిది. ఒకనాటి సాయంకాలము తానే ఒక గిన్నెడు పులుసు తీసికొని ఆ గుమ్మములో కూర్చుండెనట. పులుసు చల్లారిన తరువాత గాని తలుపు తెరువబడలేదు.

ఇప్పుడు 1 తిమోతి 5:10 చూడుడి. సంఘము లెక్కలో చేర్చదగిన అరువదేండ్ల విధవరాలికి పౌలు ఏమి పరీక్ష పెట్టెను? బిడ్డలను పెంచెనా, పరదేశులకు చోటిచ్చెనా, పరిశుద్ధుల కాళ్లు కడిగెనా, శ్రమలో నున్నవారికి సహాయము చేసెనా అని అడుగుచున్నాడు. పాట పాడెనా, ప్రసంగము చేసెనా అని అడుగలేదు. అన్నియు ఇంటి పనులే. మనము సంఘ సేవ అని వ్రాసికొను పట్టీలో వీటిలో ఒకటైన నుండునా?

అయితే నాలుగవ వచనమే మమ్మును గుచ్చుచున్నది. అక్కడ బిడ్డలును మనుమలును మొదట తమ యింటివారి యెడల భక్తి చూపి, కన్నవారి ఋణము తీర్చుట నేర్చుకొనవలెనని యున్నది. భక్తి చూపుట అని అక్కడ వాడిన గ్రీకు క్రియ క్రొత్త నిబంధనలో మరియొక చోట మాత్రమే కలదు: ఏథెన్సువారు తెలియని దేవుని ఆరాధించుటను గూర్చి పౌలు చెప్పిన చోట, కార్యములు 17:23లో. దేవుని ముందర మోకరించుటకును, ముసలమ్మకు గంజి త్రాగించుటకును ఒకటే మాట! సెమినరీలో ఈ సంగతి నేర్చి పరీక్షలో వ్రాసితిమి, మార్కులును వచ్చినవి.

అవ్వ చివరి రెండేండ్లు మా యింటి వెనుక గదిలో మంచము పట్టియుండెను. ప్రతి సాయంకాలము మమ్మును పిలిచి, "నాయనా, కాసేపు కూర్చుని ఒక కీర్తన చదివి పో" అని అడిగెడిది. "కూటమున్నదవ్వా, వచ్చి చదివెదను" అనెడివారము. వచ్చుసరికి రాత్రి పది దాటును. ఆమె నిద్రపోయి యుండును. అడిగి అడిగి, ఒకనాడు ఆమెయే, "ప్రభువు పని గదయ్యా, పోయి రా" అనెను. ఆ తరువాత అడుగలేదు. మేము దానిని దీవెన అనుకొని సైకిలెక్కితిమి.

మార్కు 7లో ప్రభువు గద్దించినది దేనిని? తలిదండ్రులకు చెందవలసిన దానిని కొర్బాను, అనగా దేవార్పితము, అని చెప్పి తప్పించుకొనుటను. ఆ పరిసయ్యులు దొంగలు కారు, త్రాగుబోతులు కారు. దేవుని పేరు చెప్పియే ఇంటి ముసలివారిని విడిచిరి. ఆ రెండేండ్లలో ఈ భాగము మీద మేము మూడు ఊళ్లలో ప్రసంగించితిమి. మా కొర్బాను మా చేతిలోని సైకిలని మాకు తోచలేదు. అవ్వకు స్నానము చేయించినది, పక్క మార్చినది, గంజి పోసినది మా భార్య. సంఘము మమ్మును కాపరి అని పిలుచుచున్నది. ఆ గదికి కాపరి ఆమెయే.

మంచము మీద నుండియు అవ్వ పిడికెడు మానలేదు. ప్రతి ఉదయము మా భార్య బియ్యపు చేటను ఆమె యొద్దకు తీసికొని పోయెడిది. ఆమె తన చేతితోనే తీసి ముంతలో వేసెడిది. భూస్థాపన తరువాతి ఆదివారమున ఆ ముంతను గుడికి తీసికొని పోయితిమి. సంఘపెద్ద కొలిచెను. మానిక నిండలేదు; చివరి దినములలో ఆమె పిడికిలి చాల చిన్నదైపోయినది.

మా తల్లికిప్పుడు కండ్లు సరిగా కానరావు. సాయంకాలము ఆమె యొద్ద కూర్చుండి ఒక కీర్తన చదివిన తరువాతనే కూటములకు బయలుదేరుచున్నాము. అరగంట ఆలస్యమగుచున్నది. పెద్దలలో ఇద్దరు ముగ్గురు సణుగుచున్నారు. వారిని వచ్చే వారము మా యింటికే రమ్మని, మా తల్లి మంచము ప్రక్కనే కూటము పెట్టెదమని చెప్పితిమి.