నాలుగో నెల పడిన చెల్లికి

చిన్నీ,

నీ కబురు తెలిసిన దగ్గర్నుంచీ ఒకటే సంతోషం, దాని వెనకాలే దిగులు. ఫోన్లో అయితే సగమే వింటావు, అందుకే రాస్తున్నాను.

"ఇంట్లో ఎవరికైనా బీపీ ఉందా?" అని డాక్టరమ్మ అడిగితే లేదని చెప్పావట. నీ తప్పు లేదు, నీకెవరూ చెప్పలేదు. నువ్వు కడుపులో ఉండగా ఎనిమిదో నెలలో అమ్మకు బీపీ పెరిగి గుర్రపువాతం వచ్చింది. పొద్దుటి నుంచీ తలనొప్పని నుదుటికి శొంఠి పట్టు వేసుకుని పడుకుంది. సాయంత్రానికి చూపు మసకేసిందంది. దీపాలు పెట్టే వేళకు ఫిట్స్. అమ్మమ్మ గాలి సోకిందంటున్నా వినకుండా నాన్న ట్రాక్టరు మీద టౌనుకు తీసుకెళ్లాడు. ఇద్దరూ దక్కారు. ఆ తర్వాత ఆ మాట మనింట్లో ఎవరూ ఎత్తలేదు.

నా తొలికాన్పుకు నేనూ డాక్టరుకు చెప్పలేదు. ఏడో నెలలో పెళ్లి ఉంగరం వేలికి బిగుసుకుపోయింది. కొబ్బరినూనె రాసి లాగినా రాలేదు. "నీరమ్మా, కడుపుతో ఉన్నవాళ్లకు మామూలే" అన్నారు మా అత్తగారు. నేనూ నమ్మాను. చెకప్‌కి వెళ్తే బీపీ 150/100, మూత్రంలో ప్రొటీను. అప్పుడు గుర్తొచ్చింది అమ్మ.

తల్లికో తోడబుట్టినదానికో కడుపుతో ఉన్నప్పుడు ఈ బీపీ వచ్చి ఉంటే మనకూ వచ్చే అవకాశం పెరుగుతుంది. నీకు అమ్మకూ అక్కకూ ఇద్దరికీ వచ్చింది. పైగా తొలిచూలు, 36 ఏళ్లు. ముందునుంచే బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, కవలలు మోసేవాళ్లకు, పోయిన కాన్పులో వచ్చినవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. అవి నీకు లేవు, అదృష్టం. లావుగా ఉన్నవాళ్లకే వస్తుందనుకోకు. అమ్మ గాలేస్తే పడిపోయేలా ఉండేది.

భయపెట్టడానికి కాదు. తొందరెందుకంటే, ముప్పున్నవాళ్లకు డాక్టర్లు తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు, 12 నుంచి 16 వారాల మధ్య అయితే మంచిది. నీకిప్పుడు పదమూడో వారం. నీ అంతట నువ్వు కొనుక్కుని మింగకు. డాక్టరమ్మకు అన్నీ చెప్పి, అవసరమా అని అడుగు. ఇక క్యాల్షియం, ఐరన్ మాత్రలు రాసిస్తే రెండూ ఒకేసారి వేసుకోకు, కనీసం రెండు గంటలు తేడా ఉండాలి.

ఈ బీపీ మామూలుగా అయిదో నెల దాటాక బయటపడుతుంది. చాలాసార్లు మొదట్లో ఒంట్లో ఏమీ తెలియదు, అదే దీని కపటం. కాబట్టి ఒంట్లో బాగానే ఉందని ఏ చెకప్పూ మానకు. బీపీ పట్టీ కట్టిన ప్రతిసారీ అంకె అడిగి కార్డులో రాయించుకో. 140/90 వచ్చిందంటే మళ్లీ చూపించుకోవాలి. 160/110 అయితే ఆ పూటే ఆసుపత్రిలో ఉండాలి. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, పక్కటెముకల కింద కుడివైపు నొప్పి, ఉన్నట్టుండి ముఖం ఉబ్బడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారనిద్దామనుకోవద్దు. మీవారు ఊళ్లో లేకపోతే 108కి చెయ్యి. కాన్పయ్యాక కూడా ఆరు వారాల దాకా ఇదే జాగ్రత్త.

అమ్మ మీద కోపం తెచ్చుకోకు. ఆవిడకు ఆ రోజు ఇప్పటికీ సగమే గుర్తుంది.

వచ్చే చెకప్ దాకా ఆగకు. రేపే వెళ్లి, మా అమ్మకూ అక్కకూ వచ్చిందని డాక్టరమ్మకు చెప్పు. చెప్పాక నాకు ఫోన్ చెయ్యి.

మీ అక్క