చెన్నైలో కాలేజీ చూసి ఎంచుకోవడం

ఇంటర్ చదువుతూ నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి కాలేజీలు చూడటానికి చెన్నై వచ్చే తెలుగు విద్యార్థులకు ఒక వెసులుబాటు ఉంది. సెంట్రల్‌లో దిగి, ఎదురుగా ఉన్న పార్క్ స్టేషన్‌లో తాంబరం, చెంగల్పట్టు వైపు లోకల్ ఎక్కితే చూడదగ్గవి చాలా ఆ ఒక్క లైను మీదే తగులుతాయి. నుంగంబాక్కంలో 1925 నాటి లయోలా, గిండీలో దిగి కొంత దూరం పోతే 1794లో సర్వే బడిగా మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ, క్రోంపేటలో 1949 నాటి మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎం.ఐ.టి.), తాంబరంలో 1937లో జార్జిటౌన్ నుంచి తరలివచ్చిన మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ, పొత్తేరిలో ఎస్.ఆర్.ఎం. అలాగని అన్నీ ఒకే రోజు చుట్టేస్తే ఏదీ చూసినట్టు కాదు. రోజుకు రెండు చాలు.

వెళ్లాల్సింది క్లాసులు జరిగే రోజున. మే నెల సెలవుల్లో వెళ్తే భవనాలు తప్ప ఏమీ కనిపించవు. ఆ భవనాలు చూసి మోసపోకూడదు: ఒక్క గుణం నచ్చగానే మిగతావన్నీ బాగుంటాయని మనసు తీర్మానించేసుకుంటుందని మనస్తత్వవేత్త థార్న్‌డైక్ 1920లోనే రాశాడు. అద్దాల రిసెప్షన్లు, ఏసీ సెమినార్ హాళ్లు బతికేది ఆ బలహీనత మీదే.

అన్నిటికన్నా పనికొచ్చే అలవాటు నోటుబుక్కు. పేజీని మూడు గళ్లు చేసుకోవాలి: కళ్లతో చూసినది, అక్కడి విద్యార్థులు చెప్పినది, ఆఫీసు వాళ్లు చెప్పినది. ‘లైబ్రరీలో లక్ష పుస్తకాలు’ అన్న మాట మూడో గడిలోకి పోతుంది. అదే లైబ్రరీలో సబ్జెక్టు పుస్తకం ఒకటి తీసి, వెనక అట్టకు అతికించిన చీటీ చూస్తే చివరి తేదీ ముద్ర మూడేళ్ల కిందటిదై ఉండొచ్చు. అది మొదటి గడి. ల్యాబ్‌లో ఓసిలోస్కోప్ మీద ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదంటే అదీ అక్కడికే. రెండో గడి నింపడానికి క్యాంటీన్‌లో కూర్చోవాలి. “అన్నా, ప్రాక్టికల్స్ మీ చేత చేయిస్తారా, చేసి చూపిస్తారా?” అన్న ఒక్క ప్రశ్నకు సీనియర్లు అరగంట మాట్లాడతారు. తమిళం రాదని బెరుకు అక్కర్లేదు; శివార్లలోని పెద్ద ఇంజనీరింగ్ కాలేజీల్లో తెలుగు గొంతు కోసం ఎక్కువసేపు వెతకక్కర్లేదు. ఇక ప్రశ్నలు నాన్న అడుగుతుంటే పక్కన ఫోన్ చూసుకుంటూ కూర్చునే పిల్లలు చాలామంది. నాలుగేళ్లు ఆ బెంచీ మీద కూర్చునేది నాన్న కాదు. తిరుగు లోకల్‌లోనే, ఇంట్లో చర్చ మొదలవకముందే గళ్లు పూర్తి చేయాలి. కొత్తగా నేర్చింది తొలి గంటల్లోనే ఎక్కువగా జారిపోతుందని మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885 నాటి ప్రయోగాలు చూపించాయి. రాసింది రెండు రోజులాగి చదివితే, మొదటి గడి ఖాళీగా ఉన్న కాలేజీ ఏదో దానంతటదే తేలుతుంది.

కాలేజీ కన్నా ముందు కోర్సు తేలాలి. సర్వేపల్లి రాధాకృష్ణన్ క్రిస్టియన్ కాలేజీలో తత్వశాస్త్రం తీసుకోవడానికి బంధువు ఇచ్చిన పాత పుస్తకాలే కారణమంటారు. ఆయనకు కలిసొచ్చింది; అందరూ ఆ ధీమాతో ఉంటే కుదరదు.

మిగిలినవి: హాస్టల్ నీళ్లు, మెస్ భోజనం, అక్టోబరు–డిసెంబరు వానల్లో దారి మునుగుతుందా అన్నది, కాలేజీల నాణ్యతను బేరీజు వేసే న్యాక్ ఇచ్చిన గ్రేడు ఏ సంవత్సరానిది అన్నది. ఆర్ట్స్, సైన్స్ కాలేజీల్లో భాషగా తెలుగు తీసుకునేవాళ్లు ఆ భాషకు మాస్టారు ఉన్నారో లేదో కనుక్కోవాలి. చెన్నై ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు శాఖే ఉంది. తమిళనాడు ప్రభుత్వ కౌన్సెలింగ్ సీట్లకు స్థానికత నిబంధనలున్నాయి కాబట్టి అర్హత ముందే తేల్చుకోవాలి. మానేస్తే ఫీజు ఎంత వెనక్కి ఇస్తారో అడ్వాన్సు కట్టకముందే కాగితం మీద తీసుకోవాలి.