ముక్కు కడుక్కునే నీళ్లు

ప్రొద్దుటూరు

అబ్బీ,

బేతంచెర్లలో నాపరాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీలో పని నేర్చుకుంటున్నావని, సాయంత్రానికి ముక్కులో తెల్లపొడి గట్టిపడి కళ్ల మధ్య బరువెక్కుతోందని మీ అమ్మ చెప్పింది. ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవచ్చా అని అడిగావట. కడుక్కోవచ్చు. నర్సు ఉద్యోగంలో చాలామందికి నేనే చెప్పి చేయించాను. అయితే ఎట్లా పడితే అట్లా చేసే పని కాదిది.

ముక్కు లోపలంతా పలచటి చీమిడి పొర ఉంటుంది. కంటికి కనపడని సన్నటి నూగు ఆ పొరను, దానికంటుకున్న దుమ్మును ఎప్పుడూ గొంతువైపు తోస్తుంటుంది. మనకు తెలియకుండానే మింగేస్తాం. బుగ్గ ఎముకల్లో, నుదుట్లో, కళ్ల మధ్య ఉండే గాలి గదులే సైనస్‌లు. వాటిలో ఊరే చీమిడి కూడా ముక్కులోకే రావాలి. విచిత్రమేమంటే బుగ్గలోని గదికి దారి అడుగున లేదు, పైన ఉంది. చీమిడిని నూగే పైకి మోసుకురావాలి. మన ఎండగాలికి, నాపరాతి పొడికి చీమిడి చిక్కబడి, ఆ సన్నదారి వాచి మూసుకుందంటే లోపల నిల్వపడి చీము పట్టొచ్చు. ఉప్పునీళ్లు ఆ గదుల్లోకి పెద్దగా పోవు, దారిని కడుగుతాయి, అంతే. చాలామందికి అదే చాలు. అమెరికాలో విస్కాన్సిన్ డాక్టర్లు 2002లో ప్రచురించిన పరిశీలనలో, ఆరు నెలలు రోజూ కడుక్కున్న సైనస్ రోగులకు బాధ తగ్గింది, మందుల వాడకమూ తగ్గింది.

యోగా మాస్టరెవరైనా నేతి అంటూ ముక్కులో దూర్చే దారం చూపిస్తే దాని జోలికి పోవద్దు. హఠయోగ ప్రదీపికలో చెప్పిన నేతి దారంతోనే, నిజమే. నీకు నీళ్లు చాలు.

ఆ నీళ్ల దగ్గర మాత్రం నేను మొండిదాన్ని. 2011లో అమెరికాలోని లూసియానాలో ఇద్దరు కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కుని చనిపోయారు. నేగ్లేరియా ఫౌలెరి అనే అమీబా వాసన నరం వెంబడి మెదడుకెక్కింది. అదే నీళ్లు తాగితే ఏమీ కాదు, ముక్కులో పోస్తేనే ప్రమాదం. కరాచీలో ఈతకే పోనివాళ్లకు ఈ జబ్బు వస్తే, నమాజుకు ముందు చేసే వజూలో ముక్కులోకి పీల్చిన నీళ్లను డాక్టర్లు అనుమానించారు. కేరళలో 2024లోనూ 2025లోనూ కేసులు వరసగా వచ్చాయి. అరుదైన జబ్బే, కానీ వచ్చినవాళ్లలో బతికేది బహు కొద్దిమంది. అది గోరువెచ్చటి మంచినీళ్లలో పెరుగుతుంది. మే నెలలో మన మిద్దె మీది ట్యాంకు నీళ్లు ఎట్లుంటాయో నీకు నేను చెప్పాలా?

క్యాను నీళ్లు ప్లాంటులో శుద్ధి చేసినవే కదా అంటావు. తాగడానికి సరే, ముక్కుకు అవీ కాచాల్సిందే. తెర్లడం మొదలయ్యాక ఇంకో నిమిషం ఆగి దించు. మూతపెట్టి చల్లార్చు, ఆ పొద్దుకు ఆ పొద్దే వాడెయ్. బోరు నీళ్లయితే అడుగున తెల్లటి గార పేరుకుంటుంది, పైన తేరినవే వంచుకో.

పావు లీటరుకు అర టీస్పూను మెత్తటి ఉప్పు, కుప్పగా కాదు, చదునుగా. ఇంచుమించు మన రక్తంలో ఉన్నంత ఉప్పదనం అది. వట్టి నీళ్లు పోస్తే చురుక్కున మండేది ఆ ఉప్పు లేకనే. చిటికెడు వంటసోడా వేస్తే ఇంకా హాయి. కల్లుప్పులో మట్టి ఉంటుంది, మెడికల్ షాపులో దొరికే పొట్లాలు మేలు.

గోరువెచ్చగా ఉన్నప్పుడు తొట్టి మీదికి వంగి, తల పక్కకు వాల్చి, నోటితో ఊపిరి తీసుకుంటూ సీసాతో పై ముక్కురంధ్రంలో పోసుకో. కింది దాంట్లోంచి వస్తాయి. తర్వాత తల కిందికి వంచి మెల్లగా చీదు. ఒక రంధ్రం మూసి గట్టిగా చీదితే నీళ్లు చెవికెక్కుతాయి. పడుకునేముందు వద్దు. ముక్కు పూర్తిగా బిగుసుకున్నా, రక్తం కారుతున్నా, చెవి పోటున్నా మానెయ్. సీసాను కాచిన నీళ్లతోనే కడిగి ఆరబెట్టు.

పొడి ఎక్కువ పీల్చిన రోజుల్లో కడుక్కో, తేటపడ్డాక ఆపెయ్. ఏడాదిపాటు రోజూ కడుక్కున్నవాళ్లు మానేశాక సైనస్ జబ్బులు తగ్గాయని ఒక చిన్న పరిశీలన కూడా ఉంది. చీమిడి ఉన్నది మనల్ని కాపాడటానికే, దాన్ని పూర్తిగా కడిగేస్తే ఎట్లా?

ఇంకో మాట, ఇది ముక్కు మాట కాదు. రాతిపొడిలో కంటికి కనపడనంత సన్నది ముక్కులో ఆగదు, తిన్నగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. నాపరాయిలో ఎంతో కొంత సిలికా ఉంటుంది. సిలికోసిస్‌కు మందు లేదు, ఎన్ని ఉప్పునీళ్లు పోసుకున్నా అది తగ్గదు. కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్లు పారుతున్నాయా లేదా చూసుకో. పైపు మూసి పొడిగా కోయమంటే ఒప్పుకోవద్దు. మూతికి టవాలు కట్టుకుంటే ఆ సన్న పొడి ఆగదు, ఎన్95 మాస్కు అడుగు.

ముఖం నొప్పి, జ్వరం పది రోజులు దాటినా, కళ్ల చుట్టూ వాచినా కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించుకో. ఒక పక్క ముక్కులోంచే కుళ్లువాసన వస్తుంటే ముందు పంటి డాక్టరు దగ్గరికి పో. పైదవడ పళ్ల వేళ్లు ఆ బుగ్గ గది అడుగును ఆనుకునే ఉంటాయి. పోయిన సంక్రాంతికి నీ పన్ను పుచ్చిందన్నావు, తీయించావా?

నీ పెద్దమ్మ