నమూనా యంత్రముల సంఘము

మిర్యాలగూడ చుట్టుప్రక్కల పొలములకు నాగార్జునసాగరము ఎడమ కాలువ నీరు వచ్చును. 1967 ఆగస్టు 4వ తేదీన సాగరము కాలువలకు నీరు విడిచిన తరువాత ఆ ప్రాంతమున వరిచేలు పెరిగినవి. వరితోపాటు ధాన్యము మరలును వెలసినవి. కాలువ తూము కడ ఒక మనుష్యుడు చక్రమును త్రిప్పుచుండగా బరువైన ఇనుప తలుపు అంగుళ మంగుళముగా పైకి లేచుట చూచిన బాలునికి ఒక సందేహము కలుగక మానదు. రెండు చేతులు అంత బరువును ఎట్లు లేపగలుగుచున్నవి? ఈ సందేహము తీరుటకు రెండు మార్గములు కలవు. పుస్తకము తెరచి మరచుట్టును గూర్చియు, దంతచక్రమును గూర్చియు చదువుట మొదటిది. మూడడుగుల తొట్టిలో నీరు నింపి, రేకుతో తలుపు చేసి, పాత సైకిలు భాగములతో దానిని లేపి చూచుట రెండవది. రెండవ మార్గమున పోవువారు పదిమంది ఒకచోట చేరినచో అది నమూనా యంత్రముల సంఘమగును.

బొమ్మకును నమూనాకును భేదము కలదు. పాఠశాలల ప్రదర్శనములలో థర్మోకోలుతో చేసి రంగులు పూసిన ఆనకట్టలు పెక్కు కనిపించును. అవి కన్నులకు ఇంపుగనే యుండును. కాని వానిలో ఒక చెంబెడు నీరు పోసినచో ఏమగునో చేసినవారికే తెలియదు. వానిలో కొన్ని అంగడిలో కొని తెచ్చినవను మాట ఉపాధ్యాయు లెల్లరు నెరిగినదే. నమూనా అట్టిది కాదు. అది నడువవలెను. నడువనిచో ఎచ్చట ఆగినదో, ఏల ఆగినదో దానిని చేసినవాడు చూపగలుగవలెను.

ఇట్టి పనిని వేడుకగా చేయువారు మొదట ఇంగ్లండు దేశమున సంఘముగా నేర్పడిరి. 1898వ సంవత్సరమున పెర్సివల్ మార్షల్ అను నాతడు 'మోడల్ ఇంజనీర్' అను పత్రికను లండనులో ప్రారంభించెను. ఆ యేడే ఆ నగరమున నమూనా ఇంజనీర్ల సంఘము స్థాపింపబడినది. గుమాస్తాలు, వర్తకులు, వైద్యులు, కార్ఖానా పనివారు అను భేదము లేక తీరిక వేళలందు ఇంటి వెనుక గదిలో చిన్న లేతుమీద ఇత్తడిని, ఉక్కును చెక్కి ఆవిరి యంత్రములను చేయువారు ఇట్టి సంఘములలో చేరిరి. కాలక్రమమున అనేక పట్టణములలో ఇట్టివి ఏర్పడినవి.

ఈ సంఘములలో జరుగు పనులు చూడదగినవి. సభ్యులు పూర్తియైన యంత్రములనే గాక సగము చేసిన భాగములనుగూడ తెచ్చి బల్లమీద పెట్టుదురు. ఒకని పిస్టను బిగిసిపోవుచుండును. మరియొకని చక్రము ఊగుచుండును. అనుభవశాలి యొకడు దానిని చేతబట్టి త్రిప్పి చూచి, వెండ్రుక మందముపాటి తప్పు ఎచ్చట నున్నదో చెప్పును. కొన్ని సంఘములకు సొంత రైలుపట్టాలు కూడ కలవు. ఆ పట్టాల నడుమ వెడల్పు అయిదంగుళములో, ఏడుంబావు అంగుళములో ఉండును. వానిమీద నిజముగా బొగ్గును మండించి ఆవిరితో నడుచు చిన్న ఇంజను, పిల్లలను పెద్దలను కూర్చుండబెట్టుకొని లాగికొనిపోవును.

ఆవిరి యన్నచో ప్రమాదము వెంట నుండును. కావున బాయిలరు పరీక్ష ఆ సంఘములలో ముఖ్యమైన పని. చదరపు అంగుళమునకు 90 పౌన్ల ఒత్తిడిలో పనిచేయవలసిన క్రొత్త బాయిలరును 180 పౌన్ల వరకు పరీక్షింతురు. అయితే ఆ పరీక్ష ఆవిరితోగాని గాలితోగాని చేయరు. చల్లని నీరు నింపి పంపుతో ఒత్తిడి పెంచుదురు. గాలిని ఒత్తినచో అది కుంచించుకొని, బాయిలరు పగిలిననాడు తుపాకి మందువలె ఎగసిపడును. నీరు మిక్కిలి స్వల్పముగనే కుంచించును. అతుకు విడినను నాలుగు చుక్కలు చిమ్మి ఒత్తిడి పడిపోవును. పరీక్షలో నెగ్గని బాయిలరు ఎంత అందముగా నున్నను, చేసినవాడు ఎంత పెద్దవాడైనను నిప్పు వేయుటకు అనుమతి లేదు.

నమూనా చేయువారికి ఎదురగు మరియొక చిక్కు కలదు. పెద్దదానిని అన్ని కొలతలలో పదవ వంతు చేసినచో అన్నియు పదవ వంతే యగునని తోచును. అట్లు కాదు. పొడవు పదవ వంతైనచో ఉపరితలము నూరవ వంతగును. లోపలి పరిమాణము వెయ్యవ వంతగును. అనగా చిన్న పాత్రలో పట్టు ఆవిరితో పోల్చినచో దానిని చుట్టిన గోడ పది రెట్లు ఎక్కువ. ఆ గోడద్వారా వేడి త్వరగా పోవును. పెద్ద యంత్రము నడచుచున్నను దాని నమూనా ఆగిపోవుటకు ఇది యొక కారణము.

ఈ చిక్కునుండియే లోకమును మార్చిన పని యొకటి పుట్టినది. 1763-64 శీతకాలమున గ్లాస్గో విశ్వవిద్యాలయమున పరికరములు బాగుచేయు జేమ్స్ వాట్ అను యువకుని చేతికి న్యూకొమెన్ యంత్రము నమూనా యొకటి వచ్చినది. గనులనుండి నీరు తోడు పెద్ద యంత్రమునకు అది చిన్న రూపము. దాని సిలిండరు రెండంగుళముల వెడల్పు గలది. బాగుచేసిన పిదపగూడ అది నాలుగైదు మారులు కదలి ఆవిరి చాలక ఆగిపోయెను. మరియొక డైనచో ఇది ఆటవస్తువని ప్రక్కన పెట్టియుండును. వాట్ అట్లు చేయలేదు. ఒక్కొక్క కదలికకు ఆవిరిని చల్లార్చుటకై లోపల చన్నీరు చిమ్మబడుచుండెను. దానితో సిలిండరే చల్లబడి, మరల దానిని కాచుటకే ఆవిరిలో అధికభాగము ఖర్చగుచుండెనని ఆతడు కనుగొనెను. కొద్ది ఆవిరి తన బరువునకు సుమారు ఆరు రెట్ల చన్నీటిని మరుగు స్థితికి తేగలదని తెలిసికొని ఆశ్చర్యపడి, ఆ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జోసెఫ్ బ్లాకునకు చెప్పెను. ఆవిరిలో దాగియుండు వేడిని గూర్చి అంతకుముందే పరిశోధించిన బ్లాకు దాని కారణమును విప్పి చెప్పెను. 1765లో ఆవిరిని వేరొక పాత్రలో చల్లార్చు ఉపాయము వాట్‌కు తట్టినది. 1769లో దానికి పేటెంటు లభించినది. వాట్ బుద్ధిమంతుడనుట నిజమే. ఆగిపోయిన యంత్రమును గూర్చి మాటాడుకొనుటకు పదడుగుల దూరమున బ్లాకు వంటివాడుండుటయు అంతే నిజము.

అట్టి తోడు లేక పనిచేసినవా డొకడు మన ప్రాంతముననే కలడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడును నల్లగొండ జిల్లాలో నున్న కాలమున, అదే జిల్లాలో ఆలేరు సమీపమున శారాజిపేట యను గ్రామమున చింతకింది మల్లేశము అను చేనేత యువకు డుండెను. ఆయన తల్లి లక్ష్మి పోచంపల్లి చీరల కొరకు ఆసు పోయుచుండెను. అర్ధచంద్రాకారముగా నాటిన మేకుల చుట్టును దారమును చేతితో త్రిప్పుటయే ఆ పని. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మారులు అటునిటు ఆడవలెను. సాయంకాలమునకు ఆమె భుజము లేవకుండెను. చిన్నతనముననే బడి మానిన మల్లేశము 1992లో ఆ పని చేయు యంత్రమును చేయ సంకల్పించెను. ఒక భాగము కుదిరిన మరియొకటి కుదరదు, చేతిలో డబ్బు నిలువదు, చూచినవారు నవ్విరి. 1997లో బ్రతుకుతెరువునకై హైదరాబాదు చేరెను. 1999లో బాలానగరున నొక కార్ఖానాలో పనికి పోయినపుడు అచ్చటి యంత్రము కదలిక చూడగనే, తనకు చిక్కక నిలిచిన చివరి కదలిక బోధపడినది. తల్లి పేర ఆ యంత్రమునకు లక్ష్మి ఆసు యంత్రమని పేరు పెట్టెను. గంటలకొలది పట్టు పని గంటన్నరలో ముగియసాగెను. 2017లో భారత ప్రభుత్వ మాయనకు పద్మశ్రీ యిచ్చినది. ఏడేండ్లు ఆయన ఒంటరిగా వెదకిన కదలిక హైదరాబాదులో నొక యంత్రమున దినదినము కదలుచునే యుండెను! దానిని ముందే చూచినవా డొకడు ఆయన ప్రక్కన కూర్చుండి యున్నచో ఆ తల్లి భుజమునకు ఎన్ని యేండ్ల బాధ తప్పెడిదో.

అట్టి సంఘమును విద్యార్థులు ఏర్పరచుకొనుట అసాధ్యము కాదు. ఒక గది, గట్టి బల్ల, వైసు, రెండు ఆకురాళ్లు, ఇనుప రంపము, కొలబద్ద ఉన్నచో చాలును. సూర్యాపేట జాతీయ రహదారి మీది ఊరు. లారీలు బాగుచేయువారు, లేతు పనివారు అచ్చట నుందురు. వారిలో నొకని నెలకొక్క సాయంకాలము పిలిచినచో పుస్తకమున లేని సంగతులు తెలియును. కోదాడ వైపు సిమెంటు కార్ఖానాలు కలవు. వానిలో ఉక్కు గుండ్లు నింపిన పెద్ద పీపా తిరిగి రాతిని పొడి చేయును. పాలడబ్బాలో గోలీలు, ఇటుక ముక్కలు వేసి త్రిప్పినచో అదియే నమూనా. మిక్కిలి వేగముగ త్రిప్పినచో గోలీలు డబ్బా గోడ నంటుకొని తిరుగును. ఒక్క ముక్కయు నలుగదు. నాలుగు మీటర్ల పీపా నిమిషమునకు సుమారు 21 చుట్లు తిరిగినప్పుడే ఈ స్థితి కలుగును. పది సెంటీమీటర్ల డబ్బాకు సుమారు 134 చుట్లు కావలెను. చిన్నదానికి పెద్దదాని వేగము సరిపడదని గోలీలే చెప్పును.

ఖర్చునకు కొంత మార్గము లేకపోలేదు. 2016లో ప్రారంభమైన అటల్ నవకల్పన పథకము క్రింద కొన్ని పాఠశాలలకు పనిముట్ల ప్రయోగశాలలు వచ్చినవి. ఇన్‌స్పైర్ మానక్ పథకమున ఎన్నికైన విద్యార్థికి నమూనా చేయుటకు 10,000 రూపాయలిత్తురు. అయితే ఎన్నిక కాని తొంబదిమంది ఆలోచనలను బల్లమీద పెట్టుకొని చూచుటకే సంఘము కావలెను.

ఈ మూడు పట్టణములు ఉదయము బస్సెక్కి సాయంకాలమునకు ఇల్లు చేరగల దూరమున నున్నవి. ఒక నెల ఒకచోట కూడుకొనవచ్చును. వచ్చువా డెవ్వడును పూర్తియైన వస్తువునే తేనక్కరలేదు. కోదాడ బాలుని పంపు నీరు తోడకున్నచో దానిని అట్లే సంచిలో వేసికొని మిర్యాలగూడ పోవలెను. అచ్చట పదిమంది దానిని విప్పి చూతురు. ఒకడు కారణము చెప్పును, మరియొకడు కాదనును, మూడవవాడు తోలు ముక్క యొకటి కోసి క్రొత్త కవాటము చేసి బిగించును. నీరు వచ్చినదో లేదో బక్కెటుతో కొలచి పుస్తకమున వ్రాయుదురు.